పార్కిన్సన్స్ వ్యాధి: లోటు తీర్చే మందు ఉంది, నష్టాన్ని ఆపే మందు ఏది?

పార్కిన్సన్స్ వ్యాధికి కొత్త చికిత్స వచ్చిందనే వార్త పత్రికల్లో, ఫోన్లలో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి మూలకణాలు అంటారు, మరోసారి మధుమేహం మందు అంటారు, ఇంకోసారి మెదడులో అమర్చే తీగలు అంటారు. ఇంట్లో ఆ జబ్బుతో అవస్థపడే మనిషి ఉన్నవాళ్లు ఆ వార్తను దాచిపెట్టుకుని, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చూపిస్తారు. ఆ ఆశను తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే అలాంటి వార్త ఏది కనిపించినా ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ చికిత్స మెదడులో తగ్గిపోయిన రసాయనాన్ని భర్తీ చేస్తుందా, లేక దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోకుండా ఆపుతుందా? మొదటి పని చేసే మందు, లెవోడోపా, సుమారు అరవై ఏళ్లుగా వాడుకలో ఉంది. అది కోట్లమందిని మంచం మీద నుంచి లేపి నడిపించింది. రెండో పని చేస్తుందని రుజువైన మందు మాత్రం ఇప్పటికీ ఒక్కటీ లేదు. ఈ రెంటికీ మధ్య ఇంత దూరం ఎందుకు మిగిలిపోయిందో తెలిస్తే, ఏ వార్తను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

మనిషి మెదడులో ఉన్న నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. పార్కిన్సన్స్‌లో కదలికలను దెబ్బతీసేది అందులో కొన్ని లక్షల కణాల నష్టమే. అవి మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న పట్టీలో ఉంటాయి. ఆ కణాల్లో మెలనిన్‌ను పోలిన రంగుపదార్థం పేరుకోవడం వల్ల ఆ పట్టీ కంటికి నల్లగా కనిపిస్తుంది. వ్యాధితో చనిపోయినవారి మెదడును కోసి చూస్తే ఆ నలుపు వెలిసిపోయి ఉంటుంది. ఈ కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, పొడవాటి తంతువుల ద్వారా స్ట్రయేటమ్ అనే భాగానికి చేరవేస్తాయి. ఏ కదలిక మొదలు కావాలి, ఏది ఆగాలి, ఎంత వేగంగా సాగాలి అనే నిర్ణయాల్లో స్ట్రయేటమ్‌ది ముఖ్యమైన పాత్ర. ఒక్కొక్క కణం తంతువు లెక్కలేనన్ని కొమ్మలుగా చీలి విస్తరిస్తుంది. పైగా ఈ కణాలు ఎవరూ ప్రేరేపించకపోయినా తమంతట తామే నిరంతరం స్పందిస్తూ ఉంటాయి. అంత పెద్ద విస్తీర్ణాన్ని పోషించడానికి ఖర్చయ్యే శక్తి చాలా ఎక్కువ. ఇవే ముందుగా కూలిపోవడానికి ఆ భారం ఒక కారణమని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

బయటికి కనిపించే లక్షణాలు నెమ్మదిగా మొదలవుతాయి. ఒకవైపు చేయి ఒళ్లో ఊరకే ఉన్నప్పుడు వణుకుతుంది, గ్లాసు అందుకోబోతే ఆ వణుకు తగ్గుతుంది. నడిచేటప్పుడు ఒక చేయి ఊగదు. రాస్తూ పోతే అక్షరాలు చిన్నవైపోతాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి మునుపటికంటే ఎక్కువ సమయం పడుతుంది. గొంతు తగ్గిపోతుంది, ముఖంలో భావాలు పలకవు. వణుకు అందరికీ ఉండదు. లేనివాళ్లను 'వయసు మీద పడింది' అని ఇంట్లోవాళ్లే వదిలేస్తారు. భుజం నొప్పితో మొదలైనవాళ్లు ఎముకల వైద్యుల చుట్టూ నెలల తరబడి తిరగడం మామూలే. ఇంకో సంగతి తప్పకుండా చెప్పుకోవాలి. తలతిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు డోపమైన్ పనికి అడ్డుపడి అచ్చం ఇవే లక్షణాలను తెప్పించగలవు. నెలల తరబడి తలతిరుగుడు మాత్రలు మింగుతూ వణుకు తెచ్చుకున్న పెద్దవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. అందుకే వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. కారణం అదేనని తేలి, వైద్యుల సలహాతో ఆ మాత్ర ఆపితే చాలామందిలో లక్షణాలు కొన్ని నెలల్లో తగ్గిపోతాయి.

ఈ జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించారు. ఆయన రాసింది ఆరుగురి గురించి, వారిలో కొందరిని వీధిలో చూసి గమనించారు. ఆ తర్వాత వందేళ్లు గడిచాక, 1919లో, ప్యారిస్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న కాన్‌స్టాంటిన్ ట్రెటియాకాఫ్ నష్టం సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఉందని చూపించారు. అయినా చికిత్సకు దారి ఆ వైపు నుంచి రాలేదు. మెదడుతో సంబంధమే లేదనుకున్న రెండు మొక్కలు ఆ దారి చూపించాయి.

ఒకటి చిక్కుడు జాతి మొక్క. స్విట్జర్లాండ్‌లో మార్కస్ గుగెన్‌హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1913లో ఒక రకం చిక్కుడు గింజల నుంచి లెవోడోపాను వేరుచేశారు. అదేమి చేస్తుందో చూద్దామని రెండున్నర గ్రాములు తానే మింగి వాంతులు చేసుకున్నారు. దానివల్ల ప్రయోజనం ఏమీ కనిపించలేదు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అదే పదార్థాన్ని దూలగొండి గింజల నుంచి వేరుచేసి ప్రచురించారు. చేల గట్ల మీద పెరిగి, ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే ఆ తీగ గింజల్లో ఇంత సంపద ఉందని అప్పటికి తేలింది. అది దేనికి పనికొస్తుందో మాత్రం అప్పటికీ ఎవరికీ తెలియదు.

రెండోది సర్పగంధ. మన దేశంలో తరతరాలుగా వాడుతున్న ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని సారమైన రిసర్పిన్‌ను వేరుచేశారు. ఆ మందు ఎక్కువ మోతాదులో పడితే మనుషులు బిగుసుకుపోయి మందకొడిగా తయారయ్యేవారు. ఎందుకలా జరుగుతోందని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో అర్విడ్ కార్ల్‌సన్ ఆరా తీశారు. 1957లో ఆయన కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చారు. అవి చెవులు వాలేసి, కదలక మెదలక పడిపోయాయి. తర్వాత లెవోడోపా సూది ఇచ్చారు. కొద్ది నిమిషాల్లోనే లేచి తిరగడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా డోపమైన్‌ను మరో రసాయనం తయారీలో మధ్యలో పుట్టి పోయే మెట్టుగానే చూసేవారు. దానికి సొంతంగా ఒక పని ఉందని, అది కదలికలకు సంబంధించినదని ఈ ప్రయోగాలతో అర్థమైంది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

కుందేళ్ల నుంచి మనిషి దగ్గరికి తెచ్చినవాడు వియన్నాలోని ఓలే హార్నికీవిచ్. చనిపోయినవారి మెదడు ముక్కల నుంచి సారం తీసి, ఒక రసాయనం కలిపి రంగు చూడటం ఆయన పద్ధతి. డోపమైన్ ఉంటే గులాబీ రంగు తేలుతుంది. మామూలు మనుషుల మెదడు సారం ఉన్న గొట్టాల్లో గులాబీ రంగు స్పష్టంగా వచ్చింది. పార్కిన్సన్స్ రోగుల గొట్టాల్లో ఆ ఛాయ కూడా సరిగా లేదు. తేడా చూడటానికి యంత్రం అవసరం కాలేదు, ఉత్త కంటికే కనిపించింది. 1960లో ఆ ఫలితం ప్రచురితమైంది. మెదడుకు వచ్చే ఒక వ్యాధి వెనుక ఒక నిర్దిష్టమైన రసాయనం లోటు ఉందని ఇంత సూటిగా చూపించడం అదే మొదలు. ఆ మరుసటి ఏడాదే ఆయన ప్రోద్బలంతో వాల్టర్ బిర్క్‌మాయర్ అనే వైద్యుడు రోగుల నరాల్లోకి లెవోడోపా ఎక్కించారు. మంచం మీద లేవలేక పడి ఉన్నవాళ్లు కాసేపు లేచి నడిచారు. కొద్ది గంటలకు మళ్లీ అలాగే అయిపోయారు.

డోపమైన్ లోటయితే డోపమైన్‌నే ఇవ్వవచ్చు కదా అనే సందేహం రావచ్చు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న వడపోత గోడను డోపమైన్ దాటలేదు. లెవోడోపా దాటుతుంది, ఎందుకంటే అది ఒక అమైనో ఆమ్లం. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలను మెదడులోకి చేర్చే ద్వారం గుండానే అదీ వెళ్తుంది. లోపలికి చేరాక డోపమైన్‌గా మారుతుంది. చిక్కేమిటంటే, మింగిన లెవోడోపాలో ఎక్కువ భాగం మెదడును చేరకముందే శరీరంలో డోపమైన్‌గా మారిపోయి వాంతులు తెప్పిస్తుంది. గుగెన్‌హైమ్‌కు జరిగింది అదే. ఈ చిక్కు మూలంగా 1960ల మధ్యనాటికి చాలామంది ఈ మందు మీద ఆశ వదులుకున్నారు. అమెరికాలో జార్జ్ కోట్జియాస్ వదల్లేదు. అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. 1967లో ఆయన ప్రచురించిన ఫలితాలతో లెవోడోపా నిజమైన చికిత్సగా నిలబడింది. తర్వాత కార్బిడోపా జతకూడింది. అది మెదడులోకి పోదు, బయటే ఉండి లెవోడోపా దారిలో వృథా కాకుండా చూస్తుంది. దానితో అవసరమైన మోతాదు నాలుగో వంతుకు తగ్గింది, వాంతులూ తగ్గాయి. నేటికీ ఈ జంటను మించిన మాత్ర రాలేదు.

దీన్నిబట్టే రోజువారీ జాగ్రత్త ఒకటి తేలుతుంది. లెవోడోపా, మాంసకృత్తులు ఒకే ద్వారం కోసం పోటీపడతాయి కాబట్టి పప్పు, మాంసం, గుడ్డు, పెరుగుతో నిండుగా భోంచేసి వెంటనే మాత్ర వేసుకుంటే చాలామందిలో అది సరిగా పనిచేయదు. భోజనానికి కనీసం అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమని వైద్యులు చెప్పేది అందుకే. ఇనుము మాత్రలు కూడా దాన్ని పట్టి ఉంచేస్తాయి, వాటినీ వేరే వేళలో వేసుకోవాలి. మాత్ర పనిచేయడం లేదని మోతాదు పెంచడానికి ముందు, దాన్ని ఎప్పుడు, దేనితో మింగుతున్నారో అడగడం అవసరం. ఈ ఒక్క ప్రశ్నతోనే చక్కబడే ఇబ్బందులు ఎన్నో ఉంటాయి.

మొదటి కొన్నేళ్లు మందు చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత కథ మారుతుంది. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంటే మునిసిపాలిటీ వాళ్లు ఏ వేళ నీళ్లు వదిలినా మనకు కుళాయి తిప్పినప్పుడల్లా వస్తాయి. ట్యాంకు పగిలిపోతే వదిలిన గంటలోనే నీళ్లు, ఆ తర్వాత చుక్క ఉండదు. మిగిలి ఉన్న నాడీతంతువులు మొదట్లో ఆ ట్యాంకు పని చేస్తాయి, మాత్రతో వచ్చిన డోపమైన్‌ను నిల్వ ఉంచి అవసరాన్నిబట్టి విడుదల చేస్తాయి. అవీ పోయాక మాత్ర రక్తంలో ఎక్కినప్పుడు కదలిక వస్తుంది, దిగినప్పుడు మనిషి కుర్చీలో బిగుసుకుపోతాడు. ఎక్కినప్పుడు తల, భుజాలు, కాళ్లు తమ ఇష్టం లేకుండా మెలికలు తిరుగుతూ కదులుతాయి. నాలుగు నుంచి ఆరేళ్లు మందు వాడినవారిలో దాదాపు 40 శాతం మందికి ఇలాంటి అసంకల్పిత కదలికలు వస్తాయని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో తేలింది.

ఇది చూసి లెవోడోపా విషమని, దాన్ని వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టాలని ఒక నమ్మకం పాతుకుపోయింది. మన ఊళ్లలో ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుంది. ఆధారాలు మాత్రం అలా చెప్పడం లేదు. ఆఫ్రికాలోని ఘనాలో డబ్బు లేక, మందు దొరక్క చాలామంది వ్యాధి మొదలైన సగటున నాలుగేళ్లకు గానీ లెవోడోపా మొదలుపెట్టలేదు. వారిని ఇటలీ రోగులతో పోల్చిన అధ్యయనం 2014లో వచ్చింది. అసంకల్పిత కదలికలు వ్యాధి మొదలై ఎన్నేళ్లయింది, మోతాదు ఎంత అనేదాన్నిబట్టి వచ్చాయి తప్ప మందు ఎన్నేళ్లుగా వాడుతున్నారు అనేదాన్నిబట్టి రాలేదు. నెదర్లాండ్స్‌లో 445 మందితో జరిగిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. కొందరికి వెంటనే, మిగతావారికి 40 వారాలు ఆగి లెవోడోపా ఇచ్చారు. 80 వారాలకు రెండు జట్ల మధ్య తేడా లేదు. అంటే ముందే మొదలుపెట్టడం వల్ల వ్యాధి నెమ్మదించలేదు, ముదరనూ లేదు. నడవగలిగే రోజులను మందుకు భయపడి మంచానికి అప్పగించడం అన్యాయం. ఈ మాటను గట్టిగానే చెప్పాలి.

ఇక్కడ హైదరాబాద్ పాత్ర గురించి కూడా చెప్పుకోవాలి. మాత్ర ప్రభావం దిగిపోయే సమయాన్ని తగ్గించడానికి సఫినమైడ్ అనే తోడు మందును పరీక్షించిన పెద్ద ప్రయోగంలో భారత్, రుమేనియా, ఇటలీల నుంచి 669 మంది పాల్గొన్నారు. దానికి మొదటి రచయితగా నిమ్స్ నాడీవైద్యుడు రూపం బొర్గొహాయిన్ ఉన్నారు. ఆ మందు వల్ల రోజుకు దాదాపు అరగంట మెరుగైన సమయం అదనంగా దక్కింది. వినడానికి అది చిన్న లాభంలా అనిపించవచ్చు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఎవరి సాయమూ లేకుండా భోంచేయడానికి పట్టే అరగంట అది.

నష్టం ఎలా జరుగుతుందో చెప్పే మొదటి గట్టి ఆధారం ఒక ఘోరం నుంచి దొరికింది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు మత్తుమందు వాడకందారులు ఆసుపత్రులకు వచ్చారు. ఉన్నట్టుండి శరీరం శిలలా బిగిసిపోయింది, మాట రాదు, కన్ను ఆర్పడమూ కష్టమే. దశాబ్దాలకు గానీ రాని పార్కిన్సన్స్ దశ రోజుల్లో వచ్చేసింది. నాడీవైద్యుడు విలియం లాంగ్‌స్టన్ బృందం వాళ్లు వాడిన సరుకును పరీక్షిస్తే అందులో ఎంపీటీపీ అనే రసాయనం బయటపడింది. హెరాయిన్‌ లాంటిది సొంతంగా తయారుచేయబోయి ఎవరో పొరపాటున పుట్టించిన మలినం అది. మెదడులోకి చేరాక అది మరో రూపంలోకి మారుతుంది. డోపమైన్ కణాలు దాన్ని డోపమైనే అనుకున్నట్టు లోపలికి లాక్కుంటాయి. అక్కడ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో మొదటి మెట్టునే అడ్డేస్తుంది, కణం చచ్చిపోతుంది. లెవోడోపా ఇస్తే ఆ రోగులు కదలగలిగారు.

దీని నుంచి రెండు దారులు చీలాయి. ఒకటి పొలాల వైపు వెళ్లింది. పురుగుమందుగా వాడిన రోటినోన్ కూడా మైటోకాండ్రియాలో అదే మెట్టును అడ్డుకుంటుంది. కలుపు మందు పారాక్వాట్ ఆకారంలో ఎంపీటీపీ నుంచి మెదడులో పుట్టే విషానికి దగ్గరి చుట్టం. అమెరికా రైతు కుటుంబాల్లో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. ఈ రెండిట్లో ఏది వాడినవారిలోనైనా పార్కిన్సన్స్ రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ఒక్క మందే కారణమని దీనితో రుజువు కాదు. కానీ ఐరోపా సమాఖ్య 2007లోనే వద్దనుకున్న పారాక్వాట్‌ను తెలుగు నేల మీద చేతి తొడుగు కూడా లేకుండా కొట్టిన రైతులు, కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఈ జబ్బు ఎంతగా ఉందో శ్రద్ధగా లెక్క తీయాల్సిన బాధ్యత మన వైద్య కళాశాలలది.

రెండో దారి శస్త్రచికిత్స వైపు వెళ్లింది. ఎంపీటీపీతో కోతుల్లో వ్యాధిని పుట్టించడం సాధ్యమయ్యాక, డోపమైన్ తగ్గినప్పుడు సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రం అతిగా పనిచేసి కదలికను తొక్కిపెడుతుందని తెలిసింది. 1990లో మాలన్ డిలాంగ్ బృందం కోతుల్లో ఆ కేంద్రాన్ని దెబ్బతీసి చూపిస్తే బిగుతు వదిలింది. అప్పటికే 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం లూయీ బెనాబిద్ మెదడులో వేరే చోట వేగంగా విద్యుత్ స్పందనలు ఇచ్చి వణుకును ఆపగలిగారు. 1993లో ఆయన బృందం ఈ కేంద్రంలో సన్నని తీగలు అమర్చింది. ఇప్పుడు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) పేరుతో హైదరాబాద్‌లోనూ జరుగుతున్న శస్త్రచికిత్స ఇదే. ఖర్చు లక్షల్లో ఉంటుంది. లెవోడోపాకు బాగా స్పందిస్తూ, ఎక్కుదిగుళ్లతో సతమతమయ్యే మనిషికి ఇది గొప్ప ఊరట. ఆ మందుకే స్పందించని లక్షణాలు, ముఖ్యంగా తూలి పడిపోవడం, మతిమరుపు దీనితో బాగుపడవు. వ్యాధి లోలోపల తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు కుటుంబానికి ఈ సంగతి విడమరచి చెప్పాలి.

కణాలు ఎందుకు చచ్చిపోతాయనే ప్రశ్నకు 1997లో మరో ఆధారం దొరికింది. దక్షిణ ఇటలీ మూలాలున్న ఒక వంశంలో తరతరాలుగా వస్తున్న పార్కిన్సన్స్‌కు ఆల్ఫా సిన్యూక్లీన్ అనే ప్రోటీన్ జన్యువులో మార్పు కారణమని తేలింది. అదే ఏడాది, రోగుల నాడీకణాల్లో ముద్దలుగా కనిపించే లూయీ బాడీల్లో ఉన్నది ప్రధానంగా ఈ ప్రోటీనేనని మరో బృందం చూపించింది. అమెరికాలోని ఇంకో వంశంలో ఆ జన్యువులో తప్పే లేదు, కాకపోతే అది ఉండాల్సిన దానికంటే రెండు ప్రతులు ఎక్కువగా ఉంది. మంచి ప్రోటీనే మోతాదు మించితే చాలు, జబ్బు వస్తుందన్నమాట. వంకర తిరిగిన ఒక ప్రోటీన్ అణువు పక్కదాన్నీ వంకర తిప్పుతూ కణం నుంచి కణానికి పాకుతుందనే భావన అప్పటి నుంచి బలపడింది. జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ 2003లో, ఈ ముద్దలు సబ్‌స్టాన్షియా నైగ్రాను చేరేలోపే వాసన చూసే భాగాల్లో, మెదడు కాండం అడుగున మొదలవుతాయని ప్రతిపాదించారు. చాలామంది రోగుల్లో చేతి వణుకుకు ఏళ్ల ముందే వాసన తెలియకపోవడం, వదలని మలబద్ధకం, నిద్రలో కలల్లో కనిపించినట్టే అరవడం, తన్నడం మొదలై ఉండటానికి ఇది సరిపోతుంది. అయితే అందరిలోనూ వ్యాధి ఇదే వరుసలో నడవదు.

ప్రోటీన్ దోషి అయితే దాన్ని తొలగిస్తే సరిపోతుంది కదా? ఆ ఆలోచనతోనే ఆల్ఫా సిన్యూక్లీన్‌ను పట్టుకునే రెండు యాంటీబాడీలను వందలమంది మీద పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితాల్లో రెండూ తమ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయాయి. మధుమేహానికి వాడే ఎక్సెనటైడ్ 2017లో 62 మందితో చేసిన ప్రయోగంలో గొప్ప ఆశ రేపింది. 194 మందితో 96 వారాలు నడిచిన పెద్ద ప్రయోగం 2025లో ఆ ఆశ నిజం కాదని తేల్చింది. అంతకు ముందు కోఎంజైమ్ క్యూటెన్, క్రియాటిన్, ఐస్రాడిపిన్ వంటివన్నీ ఇలాగే వచ్చి వెనుదిరిగాయి. చిన్న ప్రయోగంలో వెలిగింది పెద్ద ప్రయోగంలో ఆరిపోవడం ఈ వ్యాధి పరిశోధనలో మళ్లీ మళ్లీ జరిగింది.

దీనికి ఒక కారణం చాలా ఆసక్తికరమైనది. 2001లో కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు పార్కిన్సన్స్ రోగులకు మందు పేరుతో ఉత్త ఉప్పునీటి సూది ఇచ్చి, పెట్ స్కాన్‌తో మెదడును పరిశీలించారు. మందు పడిందన్న నమ్మకానికే రోగుల సొంత మెదడు డోపమైన్‌ను విడుదల చేసింది. మరే జబ్బులోనైనా నమ్మకం మనసుకు ఊరటనిస్తుంది. ఈ జబ్బులో నమ్మకం లోటుపడిన రసాయనాన్నే కాసేపు తెచ్చిపెడుతుంది. 2015లో అమెరికాలో 12 మందితో చేసిన మరో పరీక్షలో రెండుసార్లూ ఇచ్చింది ఉప్పునీరే. ఒకసారి మోతాదు ధర 100 డాలర్లని, ఇంకోసారి 1,500 డాలర్లని చెప్పారు. ఖరీదైనదని చెప్పినప్పుడు కదలికలు ఎక్కువ మెరుగుపడ్డాయి. రోగులు అబద్ధం చెప్పలేదు, మెరుగుదల నిజమే, మందే నిజం కాదు. ఫలానా కషాయంతో, ఫలానా సూదితో మా నాన్న లేచి నడిచాడని కన్నీళ్లతో చెప్పే వీడియోలను ఈ వెలుగులో చూడాలి. ఆ కొడుకు చూసింది నిజమే అయి ఉంటుంది. అది ఎన్నాళ్లు నిలిచిందో వీడియోలో ఉండదు.

ఈ కారణంగానే అమెరికాలో 40 మందికి పిండకణాలు మార్పిడి చేసిన ప్రయోగంలో సగం మందికి తలకు రంధ్రాలు మాత్రం చేసి, కణాలు పెట్టకుండానే పంపారు. వినడానికి క్రూరంగా ఉన్నా, అలా చేయకపోతే నిజం బయటపడేది కాదు. 2001లో వచ్చిన ఆ ఫలితాల్లో వయసు తక్కువ ఉన్నవారికి కొంత మేలు కనిపించింది. కణాలు అందుకున్న కొందరిలో మాత్రం మందు ఆపేసినా ఆగని అసంకల్పిత కదలికలు మొదలయ్యాయి. 2008లో మరో సంగతి బయటపడింది. ఇలాంటి మార్పిడి పొందిన వేరే రోగుల మెదడులో పదేళ్లకు పైబడి బతికిన కొత్త కణాల్లో కొన్నింటిలోకి కూడా లూయీ బాడీలు చేరాయి. కొత్తగా నాటినవాటినీ పాత వ్యాధి వదల్లేదు.

ఇప్పుడు ఆ ప్రయత్నం మూలకణాలతో తిరిగి మొదలైంది. 2025 ఏప్రిల్‌లో రెండు బృందాల ఫలితాలు కలిసి వచ్చాయి. జపాన్‌లోని క్యోటోలో ఏడుగురికి, ఉత్తర అమెరికాలో 12 మందికి ప్రయోగశాలలో పెంచిన, డోపమైన్ కణాలుగా ఎదిగే పూర్వకణాలను మెదడులో నాటారు. కణాలు బతికాయి, డోపమైన్ తయారుచేశాయి, గడ్డలు పుట్టలేదు. ఇది నిజంగా ముందడుగే. కానీ ఇది కూడా లోటు తీర్చే చికిత్సే, మరింత నేర్పుగా తీరుస్తుంది. పైగా పరీక్షించింది ముఖ్యంగా అది ప్రమాదకరమా కాదా అన్నదే. ఇదే పేరు చెప్పి లక్షలు గుంజుతూ, ఎక్కడి కణాలో తెలియనివి వెన్నులోకో నరంలోకో ఎక్కించే క్లినిక్‌లకూ ఈ పరిశోధనకూ ఏ సంబంధమూ లేదు.

దూలగొండి పొడి విషయంలోనూ ఇదే కొలత వాడాలి. బొలీవియాలో 18 మందితో చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో వేయించి పొడిచేసిన గింజలు మాత్రతో సమానంగా పనిచేశాయి. ఎక్కువకాలం వాడించినప్పుడు మాత్రం చాలామంది కడుపులో ఇబ్బంది వల్లనో, కదలికలు తగ్గడం వల్లనో మానేశారు. గింజలో ఉన్నది లెవోడోపానే, కార్బిడోపా తోడు లేకుండా. ఏ పొట్లంలో ఎంత ఉందో తెలియదు. మాత్ర వేసుకుంటూ డాక్టరుకు చెప్పకుండా పొడి కూడా తాగితే అది మోతాదును గుడ్డిగా పెంచుకోవడమే.

నష్టాన్ని ఆపే మందు దొరక్కపోవడానికి అసలు కారణం బహుశా సమయం. చేయి వణకడం మొదలయ్యేనాటికే సబ్‌స్టాన్షియా నైగ్రాలో సుమారు సగం కణాలు, స్ట్రయేటమ్‌లో డోపమైన్‌లో అంతకంటే ఎక్కువ వాటా పోయి ఉంటాయి. ఇన్నాళ్లూ మందులన్నింటినీ ఆ తర్వాతే పరీక్షించారు. ముందుగా పట్టుకునే దారి ఇప్పుడు తెరుచుకుంటోంది. కలల్లో తన్నుకునే నిద్రరుగ్మత ఉన్న 1,280 మందిని 24 కేంద్రాల్లో పరిశీలిస్తే, 12 ఏళ్లలో నూటికి 73 మందికి పైగా పార్కిన్సన్స్‌కో దాని దగ్గరి వ్యాధికో గురవుతారని 2019లో అంచనా వేశారు. 2023లో 1,123 మందితో చేసిన అధ్యయనంలో, వెన్ను నుంచి తీసిన నీటిలో వంకర తిరిగిన ఆల్ఫా సిన్యూక్లీన్ ఆనవాలును పట్టే పరీక్ష పార్కిన్సన్స్ రోగుల్లో దాదాపు 88 శాతం మందిని గుర్తించింది. వాసన పోయి, ఇంకా వణుకు రానివారిలో కూడా కొందరికి అది పాజిటివ్‌గా వచ్చింది.

ఇలాంటివారిని ముందే గుర్తించి, కణాలు ఇంకా బతికి ఉండగానే మందులు పరీక్షించాలని శాస్త్రవేత్తలు సన్నాహాలు చేస్తున్నారు. దానికి ఏళ్లు పడుతుంది, వేలమంది స్వచ్ఛందంగా ముందుకు రావాలి. ఇప్పటిదాకా జన్యు సమాచారం ఎక్కువగా ఐరోపా సంతతి వారిదే కాబట్టి అందులో మనవాళ్లూ ఉండాలి. అయితే హాయిగా తిరుగుతున్న యాభై ఏళ్ల మనిషికి నీ వెన్నునీటిలో ఈ ఆనవాలు ఉందని చెబితే, ఆ మనిషి చేతిలో పెట్టడానికి ఈ రోజు మందు ఏదీ లేదు. క్రమం తప్పని వ్యాయామం మేలు చేస్తుందని చెప్పవచ్చు, అంతే. అందుకే ఆ పరీక్షను ప్రస్తుతానికి పరిశోధనలకే పరిమితం చేయాలని, ఫలితం తెలుసుకోవాలా వద్దా అన్నది పాల్గొనే మనిషి ఇష్టానికే వదలాలని పలువురు నాడీవైద్యులు కోరుతున్నారు.